హెన్రియెట్టా లీ గారి భోజనాల గదిలో పుట్టిన పత్రిక

షికాగో డిఫెండర్ ఆఖరి అచ్చు సంచిక 2019 జులై 10న వచ్చింది. పత్రిక ఇప్పటికీ ఇంటర్నెట్‌లో నడుస్తోంది గానీ, కాగితం మీద చదివే భాగ్యం ఆ రోజుతో పోయింది. నూట పద్నాలుగేళ్ళ పాటు వారం వారం (కొన్నాళ్ళు రోజూ) నల్లజాతి ఇళ్ళలోకి వచ్చిన పత్రిక అది. దాన్ని పెట్టిన రాబర్ట్ సెంగ్‌స్టాక్ అబ్బాట్ గురించి ఎవరు చెప్పినా లక్షల సర్క్యులేషన్ గురించీ, ఆయన రోల్స్‌రాయిస్ కారు గురించీ చెబుతారు. మాకు మాత్రం ఆయన అంటే రెండు సంగతులు గుర్తొస్తాయి. కాగితాన్ని చేరాల్సిన చేతికి చేర్చడంలో ఆయనకున్న పట్టుదల ఒకటి. తనకి ఒక పూట అన్నం పెట్టినవాళ్ళని కూడా మరిచిపోకుండా తిరిగి ఇచ్చుకున్న తీరు రెండోది. ఈ రెండిటినీ విడదీసి చెబితే ఆయన అర్థం కాడు.

అమెరికా అంతర్యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి జార్జియా తీరాన సెయింట్ సైమన్స్ దీవిలో పుట్టాడు. తల్లిదండ్రులు థామస్ అబ్బాట్, ఫ్లోరా బట్లర్ ఇద్దరూ బానిసత్వంలోంచి బయటపడ్డవాళ్ళే. పసివాడిగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్న జాన్ సెంగ్‌స్టాక్, ఒక జర్మన్ వర్తకుడికీ ఆయన బానిసత్వం నుంచి విడిపించి పెళ్ళాడిన స్త్రీకీ పుట్టినవాడు. జర్మనీలో పెరిగి తిరిగొచ్చి, సవానా దగ్గర ఉడ్‌విల్‌లో పాస్టరుగా, బడిపంతులుగా పనిచేస్తూ ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు. కుర్రవాడికి అచ్చు సిరా వాసన అలవాటైంది ఆ ఇంట్లోనే. 1892 నుంచి 1896 దాకా వర్జీనియాలోని హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో అచ్చుపని నేర్చుకున్నాడు. గొంతు కూడా మంచిది. నలుగురు గాయకుల బృందం హాంప్టన్ క్వార్టెట్‌తో పాడటానికి 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకి వెళ్ళాడు. ఆ వేసవిలో అదే ప్రదర్శనలో, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ ప్రసంగించాడు. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా వెల్స్ అక్కడే నిలబడి, నల్లవాళ్ళకి ఆ ప్రదర్శనలో చోటెందుకు లేదని నిలదీసే కరపత్రం పంచింది. షికాగో మీద అబ్బాట్ మనసు పడింది అప్పుడే.

అచ్చుపని చేతిలో ఉన్నా అచ్చాఫీసుల్లో నల్లవాడికి నికరమైన ఉద్యోగం దొరకలేదు. దాంతో కెంట్ లా కాలేజీలో చేరి 1890ల చివర్లో పట్టా తీసుకున్నాడు. ఎడ్వర్డ్ మోరిస్ అని అప్పటికే పేరున్న నల్లజాతి లాయరు ఒకాయన, నీ ఒంటి రంగు మరీ నలుపు, కోర్టులో నెగ్గుకు రాలేవు అని సలహా ఇచ్చాడట. సాటి నల్లజాతివాడి నోట ఆ మాట విన్నందుకు ఆయనకి ఎంత కష్టం కలిగి ఉంటుందో ఊహించవచ్చు. కాన్సస్‌లో టొపీకా కూడా వెళ్ళి చూశాడు. ఎక్కడా ప్రాక్టీసు నిలదొక్కుకోలేదు.

1905 మే 5న డిఫెండర్ తొలి సంచిక వచ్చింది. నాలుగు పేజీలు, పేజీ కొలత 16 అంగుళాలకి 20, అచ్చు వేయించినవి 300 ప్రతులు. చేతిలో ఉన్న 25 సెంట్లూ నోటుపుస్తకాలకీ పెన్సిళ్ళకీ సరిపోయాయి. అచ్చు బిల్లు 13.75 డాలర్లు, అదీ అప్పు మీద. లెక్క వేసి చూడండి, ఒక్కో ప్రతికి అచ్చు ఖర్చే నాలుగున్నర సెంట్ల పైచిలుకు. అప్పట్లో షికాగోలో పెద్ద దినపత్రికలు ఒకటి రెండు సెంట్లకే దొరికేవి. ఆ ధరకే అమ్మితే ప్రతి ప్రతీ అమ్ముడుపోయినా నష్టమే. చిన్న పత్రికలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. టైపు పేర్చి ఫారం (పేజీ చట్రం) బిగించే ఖర్చు మూడొందల ప్రతులకైనా మూడువేల ప్రతులకైనా ఒకటే. ప్రతులు పెరిగితే తప్ప ఆ ఖర్చు పలచబడదు. ప్రతులు పెరగాలంటే ముందు చేతి డబ్బు పెట్టాలి. అదే లేదు.

ఆ మధ్యకాలంలో ఆయన్ని నిలబెట్టింది స్టేట్ స్ట్రీట్ 3159 నంబరు ఇంటావిడ హెన్రియెట్టా లీ. అద్దె బాకీ పడితే అడగలేదు. తన భోజనాల గదిని పత్రిక ఆఫీసుకి ఇచ్చింది. జబ్బు పడితే సేవ చేసింది, తన మెస్సులోనే అన్నం పెట్టింది. ఒక మడత బల్ల, అరువు తెచ్చుకున్న కుర్చీ, ఇదే ఆఫీసు సరంజామా. వార్త పోగేసేదీ, రాసేదీ, ప్రకటనల కోసం తిరిగేదీ, అచ్చయ్యాక చంకన పెట్టుకుని మంగలి షాపుల్లో, బిలియర్డ్స్ గదుల్లో, చర్చిల దగ్గర, ఇంటింటికీ అమ్మేదీ ఒక్కడే. ఇలా అయిదేళ్ళు లాగాడు. తిరగడంలో ఆయనకి దక్కింది డబ్బు కంటే వార్తలు. ఎక్కడ ఎవరింట పెళ్ళి, ఎవరికి ఉద్యోగం పోయింది, ఏ పోలీసు ఎవర్ని కొట్టాడు అన్నీ మంగలి కుర్చీ పక్కన తెలిసేవి.

1910లో జె. హాక్లీ స్మైలీ మేనేజింగ్ ఎడిటరుగా వచ్చాక పత్రిక రూపం మారింది. నాటకాలకి, ఆటలకి, సంఘం కబుర్లకి, సంపాదకీయాలకి వేరువేరు పేజీలు ఏర్పడ్డాయి. దక్షిణాదిలో గుంపులు చంపిన మనుషుల వార్తలు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో, ఎర్ర సిరాలో వచ్చాయి. ఎర్ర శీర్షిక అంటే చూడ్డానికి ఒక్క లైనే గానీ అచ్చులో అది రెండో పని. ఎర్ర ముక్కకి విడిగా ఫారం కట్టి, అదే కాగితాన్ని ఇంకోసారి అచ్చు కింద నుంచి తీయాలి. రెండో అచ్చు నూలు వాసి పక్కకి జరిగినా ఎరుపు నలుపు మీదికి ఎక్కి మసకబారుతుంది. అయినా ఆ ఖర్చుకి వెనకాడలేదు. స్టాండులో పది పత్రికల మధ్య డిఫెండర్ దూరాన్నుంచే కనబడాలి, అంతే. స్మైలీ 1915లోనే చనిపోయాడు. పత్రిక పేరు చెప్పుకునేటప్పుడు ఆయన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. అది న్యాయం కాదు.

ఇక అబ్బాట్ అసలు విద్య రైళ్ళతో చేసిన పంపిణీలో ఉంది. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ పెట్టెల్లో పడకలు వేసే పోర్టర్లు దాదాపు అంతా నల్లజాతివాళ్ళే. డైనింగ్ కారు వెయిటర్లూ వాళ్ళే. షికాగో నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా మిసిసిపీ మీదుగా పోయే ఇల్లినాయ్ సెంట్రల్ లైను వాళ్ళ చేతిలో ఉన్నట్టే. అబ్బాట్ వాళ్ళతో రెండు పనులు చేయించుకున్నాడు. వచ్చేటప్పుడు, ప్రయాణికులు చదివి పారేసిన ఊరూరి పేపర్లు పోగేసి తెచ్చేవాళ్ళు. డిఫెండర్ ఆఫీసులో కూర్చుని వాటిలోంచి నల్లవాళ్ళకి పనికొచ్చే వార్తలు కత్తిరించుకునేవారు. చిల్లిగవ్వ ఖర్చు లేకుండా దేశమంతటి వార్తాసంస్థ సిద్ధం. వెళ్ళేటప్పుడు, పత్రిక కట్టలు పెట్టెలో చాటుగా పెట్టుకుని దక్షిణాదికి తీసుకెళ్ళేవాళ్ళు. పట్టణం స్టేషనులో దింపితే పోలీసులు లాక్కుంటారన్న చోట ఊరి బయట విసిరేసేవారు. అక్కడ మనిషి కాచుకుని ఉండేవాడు. ఊరూరా నాటకాలాడే నల్లజాతి కళాకారులు కూడా తమ పెట్టెల్లో కట్టలు మోశారు.

పోస్టులో పంపొచ్చు కదా అనిపిస్తుంది. పోస్టు బస్తా విప్పేది ఆ ఊరి పోస్టుమాస్టరు, అతనేమో తెల్లవాడు. కట్ట ఎవరి పేరున వచ్చిందో ఊరంతటికీ తెలిసిపోతుంది. పోర్టరు చేతి మీదుగా వస్తే పేరూ లేదు, చిరునామా లేదు. పైగా వారపత్రిక రెండు రోజులు ఆలస్యమైతే పాతబడిపోతుంది. రైలు ఆలస్యం చెయ్యదు. ఇంకో సంగతి, పోర్టరు ఊరికే మోసుకొచ్చేవాడు కాడు. షికాగోలో పని ఎక్కడుంది, గది అద్దెంత అన్న ప్రశ్నలకి జవాబు కూడా తనే. దక్షిణాదిలో ఒక ప్రతి ఒక ఇంట్లో ఆగేది కాదు. చదువు రాని వాళ్ళకి మంగలి షాపులో, చర్చిలో ఒకరు పైకి చదివేవారు. చేతులు మారి మారి చిరిగేదాకా తిరిగేది. డిఫెండర్ పాఠకుల్లో మూడింట రెండొంతులు షికాగో బయటే ఉన్నారంటే కారణం ఇదే.

దీనికి మూల్యం ఉంది. ఏజెంట్లని కొన్ని ఊళ్ళనుంచి తరిమేశారు. అర్కాన్సాస్ గవర్నర్ బ్రఫ్, తన రాష్ట్రంలో తెల్ల గుంపులు నల్లవాళ్ళని చంపిన 1919 ఎలేన్ మారణకాండ తర్వాత, డిఫెండర్‌ని తపాలాలో రానివ్వొద్దని పోస్టాఫీసు శాఖని కోరాడు. 1920లో మిసిసిపీ రాష్ట్రం నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ సామాజిక సమానత్వం ఉండాలని రాసిన కాగితం అచ్చు వేసినా పంచినా 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చట్టం చేసింది. ప్రపంచ యుద్ధకాలంలో సైనిక నిఘా విభాగం నుంచి మనిషి వచ్చి అబ్బాట్‌ని స్వయంగా హెచ్చరించాడు.

వలసల సంగతి చెప్పేటప్పుడు ఆయన మొదటినుంచీ దక్షిణాది వదిలి రండి అని పిలిచాడనుకోవడం పొరపాటు. ముందు సంశయించాడు. 1916లో యుద్ధం వల్ల యూరప్ నుంచి కూలీలు రావడం ఆగి, ఉత్తరాది ఫ్యాక్టరీలు మనుషుల కోసం వెతుక్కుంటున్నప్పుడే స్వరం మార్చాడు. దక్షిణాన పొలం కూలి రోజుకి డాలరు లోపు. షికాగో కబేళాల్లో రెండు, రెండున్నర డాలర్లు. ఆ తేడా చాలు. పత్రిక ఉద్యోగాల ప్రకటనలు, రైలు వేళలు, వచ్చి బాగుపడినవాళ్ళ ఉత్తరాలు, పక్కనే ఎవరినో చెట్టుకి కట్టి కాల్చిన వార్త, అన్నీ ఒకే సంచికలో వేసేది. గుంపుగా టికెట్లు కొంటే ఛార్జీ తగ్గుతుంది కాబట్టి ఊళ్ళలో జనం పదేసి మంది చొప్పున సంఘాలుగా కట్టుకున్నారు.

1917 మే 15ని పెద్ద ప్రయాణం రోజుగా డిఫెండర్ ప్రకటించింది. ఇక్కడ జరిగిన తప్పు చెప్పుకోవాలి. ఆ రోజు చవక ఛార్జీల ప్రత్యేక రైళ్ళు వస్తాయన్న మాట దక్షిణాదంతా పాకిపోయింది. సామాన్లు అమ్ముకుని స్టేషన్లకి వచ్చినవాళ్ళున్నారు. అలాంటి రైళ్ళేమీ లేవు. పత్రికకి ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, ఆ రైలు నిజమేనా, టికెట్టు ఎంత, నాకు పని ఇప్పిస్తారా అని. ఆ కాలపు వలస ఉత్తరాలు కొన్నిటిని ఎమ్మెట్ స్కాట్ సేకరించి 1919లో ప్రచురించాడు. వ్యాకరణం లేకుండా, పెన్సిలుతో, భయం భయంగా రాసిన ఆ ఉత్తరాలు చదివితే ఒక పత్రిక మాట జనం మీద ఎంత బరువుగా పడుతుందో తెలుస్తుంది. షికాగోలో నల్లవాళ్ళు 1910 జనగణనలో 44,103 మంది. 1920లో 1,09,458. వచ్చినవాళ్ళకి నగరంలో ఎలా మసలుకోవాలో కూడా డిఫెండర్ జాబితాలు వేసింది. ఆప్రాన్ కట్టుకుని వీధిలోకి రావొద్దు లాంటి వాటిలో కొంత పట్నం పెద్దమనుషుల చిన్నచూపు ఉంది. అది మాకు నచ్చదు. కానీ తెల్లవాళ్ళు సాకు వెతుకుతున్న ఊళ్ళో అది రక్షణ కూడా.

1919 జులై 27న మిషిగన్ సరస్సు 29వ వీధి రేవులో యూజీన్ విలియమ్స్ అనే కుర్రాడు తెల్లవాళ్ళవైపు నీళ్ళలోకి కొట్టుకుపోయాడు. రాళ్ళు విసిరారు, మునిగిపోయాడు. దాంతో రేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. వాళ్ళలో 23 మంది నల్లవాళ్ళు, 15 మంది తెల్లవాళ్ళు. గాయపడ్డవాళ్ళు 537. ఆ వారం డిఫెండర్ ఒక తల్లినీ బిడ్డనీ గుంపు చంపిందని వేసిన వార్త నిజం కాదు. తర్వాత గవర్నర్ లౌడెన్ వేసిన విచారణ సంఘంలో అబ్బాట్ సభ్యుడు. ఆ సంఘం నివేదికే తెల్ల పత్రికలతో పాటు డిఫెండర్‌నీ తప్పుపట్టింది. తన పత్రికని తప్పుపట్టిన నివేదికలో తన పేరు కూడా ఉండనిచ్చాడంటే ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

అల్లర్ల వారం ఇంకో పాఠం నేర్పింది. షికాగోలో అచ్చు వేసిపెట్టే చోట వెనక్కి తగ్గారు. సంచికని రాష్ట్రం దాటించి ఇండియానాలోని గారీలో అచ్చు వేయించాల్సొచ్చింది. అచ్చు ఇంకొకరి చేతిలో ఉన్నంతకాలం సంపాదకీయం కూడా ఇంకొకరి చేతిలో ఉన్నట్టే. 1921లో సౌత్ ఇండియానా అవెన్యూ 3435లో ఒకప్పటి యూదుల ప్రార్థనామందిరాన్ని తీసుకుని సొంత ప్రెస్సు పెట్టాడు. లైనోటైపులు, గాస్ రోటరీ యంత్రం వచ్చాయి.

రోటరీ అంటే మీట నొక్కితే పత్రిక వచ్చేస్తుందనుకుంటారు. ముందు లైనోటైపు. 90 మీటల కీబోర్డు మీద ఆపరేటరు కొడుతుంటే ఇత్తడి అచ్చులు వరసగా దిగుతాయి. వరస నిండగానే కరిగిన లోహం వచ్చి తగిలి మొత్తం లైను ఒక కడ్డీగా పోత పడుతుంది. లోహం నూటికి 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. 285 డిగ్రీల దగ్గర ఉంచాలి. వరస వదులుగా ఉంటే సందుల్లోంచి కరిగిన సీసం చిమ్మి ఆపరేటరు చేతుల మీద పడుతుంది, యంత్రం గంటసేపు ఆగిపోతుంది. కడ్డీలు పేర్చి, పేజీ చట్రంలో బిగించి, దాని మీద తడి అట్ట పెట్టి గట్టిగా అదిమితే అక్షరాలు అట్టలో గుంటలు పడతాయి. ఆ అట్టని పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలిందా, వేడి సీసం తగలగానే ఆవిరై బుడగలు లేచి అక్షరాల మొహం గుంటలు పడుతుంది. తొందరలో ఎక్కువగా చెడేది ఇక్కడే. ఆరిన అట్టని అర్ధచంద్రాకారపు పోత పెట్టెలో వంచి పెట్టి సీసం పోస్తే వంపు పలక వస్తుంది, బరువు ఇరవై కిలోల దాకా. పలకలన్నీ సిలిండరుకి బిగించి, చుట్ట కాగితం ఎక్కించి, బిగువు సరిచూసి నెమ్మదిగా తిప్పాలి. ఒక్క పలక వదులైతే కాగితం తెగుతుంది. తెగితే ఎక్కించి మళ్ళీ మొదలు. ఈలోగా రైలు వెళ్ళిపోతుంది.

ఈ పనులు తెలిసిన నల్లవాళ్ళు దొరకలేదు, ఎందుకంటే అచ్చు కార్మికుల యూనియన్లు వాళ్ళని చేర్చుకునేవి కావు. నల్లజాతి పత్రిక యంత్రాల దగ్గర తెల్ల కార్మికుల్ని పెట్టుకోవాల్సొచ్చింది. అబ్బాట్ స్వయంగా హాంప్టన్‌లో ఆ పనే నేర్చుకుని ఉద్యోగం దొరక్క తిరిగినవాడని గుర్తుంచుకుంటే ఇది ఎంత చేదో అర్థమవుతుంది.

1920ల తొలినాళ్ళలో సర్క్యులేషన్ రెండు లక్షలు దాటింది. నల్లజాతి పత్రికల్లో అంతవరకూ ఎవరూ చూడని సంఖ్య. పెద్ద కంపెనీలు ప్రకటనలు ఇచ్చేవి కావు. ఒంటిరంగు తెల్లబరిచే క్రీములూ జుట్టు సాపు చేసే నూనెలూ పేజీలు నింపేవి. నలుపు అన్నందుకే కోర్టులోకి అడుగుపెట్టలేకపోయిన మనిషి పత్రికలో అవి చూస్తే బాధగానే ఉంటుంది.

ఇంకా పెద్ద తప్పు 1925 తర్వాత జరిగింది. పుల్‌మన్ పోర్టర్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకుంటే డిఫెండర్ కంపెనీ పక్షాన నిలిచింది. ఎవరి భుజాల మీద దక్షిణాదికి వెళ్ళిందో వాళ్ళనే వదిలేసింది. పోర్టర్లు పత్రికని బహిష్కరించమన్నారు. 1927 చివర్లో అబ్బాట్ మారి యూనియన్‌ని సమర్థించాడు. సర్క్యులేషన్ దెబ్బే కారణమనేవాళ్ళున్నారు. నిజమే కావచ్చు. అయినా మారాడు.

మిగతా చోట్ల ఋణం తీర్చుకోవడంలో ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. చేతిలో డబ్బు ఆడగానే లీ గారికి ఎనిమిది గదుల ఇల్లు కొనిచ్చాడు. షికాగోలో గోళ్ళు తీర్చే పని చేసుకునే బెస్సీ కోల్‌మన్ విమానం నడపడం నేర్చుకుంటానంటే అమెరికాలో ఏ బడీ చేర్చుకోలేదు. ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్ళమని సలహా ఇచ్చి ప్రోత్సహించాడు. 1921 జూన్ 15న ఆవిడ లైసెన్సు సంపాదించింది. 1922 సెప్టెంబరులో ఆవిడ తొలి అమెరికా ప్రదర్శన డిఫెండర్ ఆధ్వర్యంలోనే జరిగింది. అన్నిటికన్నా మమ్మల్ని ఆపేసేది ఇంకోటి. ఆయన కన్నతండ్రిని బానిసగా ఉంచుకున్న స్టీవెన్స్ కుటుంబపు వారసులు మాంద్యంలో చితికిపోతే, 1930లలో వాళ్ళకి డబ్బు పంపాడు. మారుతండ్రి తరఫు జర్మనీ బంధువులకీ పంపాడు. సెయింట్ సైమన్స్‌లో తన పెద్దల పేరున రాతి స్తంభం నిలబెట్టాడు.

పిల్లల కోసం చేసింది మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది. పత్రికలో పిల్లల పేజీకి ‘బడ్ బిలికెన్’ అనే కల్పిత సంపాదకుడు. తర్వాత నవలాకారుడైన విలర్డ్ మోట్లీ కుర్రతనంలో ఆ పేరుతో రాశాడు. సభ్యత్వం కోసం కూపన్ కత్తిరించి పంపితే కార్డూ బ్యాడ్జీ వచ్చేవి. వీధుల్లో డిఫెండర్ అమ్మే కుర్రాళ్ళకి మంచి రోజు ఒకటి ఉండాలని 1929 ఆగస్టు 11న మొదటి ఊరేగింపు తీశారు. డేవిడ్ కెల్లమ్ దాన్ని ఏళ్ళ తరబడి నడిపించాడు. ఊరేగింపు అయ్యాక వాషింగ్టన్ పార్కులో పిల్లలకి ఉచితంగా తిండీ, ఐస్‌క్రీమూ.

మాంద్యం అబ్బాట్‌ని బాగా దెబ్బతీసింది. పాఠకులకి ముందు పోయింది ఉద్యోగం, తర్వాత పోయింది చందా. 1930లో పెట్టిన అబ్బాట్స్ మంత్లీ రిచర్డ్ రైట్ తొలి కథల్లో ఒకదాన్ని వేసింది గానీ 1933లో ఆగిపోయింది. పత్రిక సర్క్యులేషన్ లక్షలోపుకి జారింది. సొంత డబ్బు పోసి నిలబెట్టాడు. ఊపిరితిత్తులు, ఆ తర్వాత మూత్రపిండాలు దెబ్బతిని, ఏళ్ళ తరబడి మంచం మీది నుంచే పత్రిక నడిపాడు. 1940 ఫిబ్రవరి 29న చనిపోయాడు. సరిగ్గా అప్పుడే, తను హాంప్టన్‌లో చదివించిన అన్నదమ్ముల బిడ్డ, మారుతండ్రి పేరే ఉన్న జాన్ సెంగ్‌స్టాక్, దేశంలోని నల్లజాతి పత్రికల యజమానుల్ని షికాగోకి పిలిచి సంఘం పెడుతున్నాడు. పత్రిక ఆయన చేతికే వెళ్ళింది. 1942లో దేశద్రోహం పేరుతో నల్లజాతి పత్రికల్ని మూయిస్తారన్న వార్త వస్తే, అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్‌ని స్వయంగా కలిసి ఆపించాడు. 1956 ఫిబ్రవరి 6న డిఫెండర్‌ని దినపత్రిక చేశాడు. ప్రావిడెంట్ ఆసుపత్రి కొత్త భవనానికి చందాలు పోగుచేయడంలో ముందున్నాడు. 1997లో పోయాడు.

షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు ఇవన్నీ చూడొచ్చు. ఇండియానా అవెన్యూ పాత భవనం నగరం గుర్తించిన చారిత్రక కట్టడం. అబ్బాట్ ఇల్లు మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్ 4742లో ఉంది. బయటినుంచి చూడాల్సిందే. బడ్ బిలికెన్ ఊరేగింపు ఏటా ఆగస్టు రెండో శనివారం అదే కింగ్ డ్రైవ్ మీద 39వ వీధి దగ్గర మొదలై వాషింగ్టన్ పార్కు దాకా సాగుతుంది. పొద్దున్నే వెళ్ళి చెట్టు నీడ పట్టుకోవాలి, కారు దూరంగా పెట్టి గ్రీన్ లైను రైల్లో రావడం నయం. అబ్బాట్, సెంగ్‌స్టాక్ కుటుంబాల కాగితాలు కార్టర్ వుడ్‌సన్ లైబ్రరీలోని వివియన్ హార్ష్ సేకరణలో 2009 నుంచి పాఠకులకి అందుబాటులో ఉన్నాయి. వెళ్ళే ముందు లైబ్రరీకి రాసి, ఏ పెట్టెలు కావాలో చెప్పి వెళ్తే రోజు వృథా కాదు.